గెడ్డలోంచి మా బండిని లాగిన ఆయనకి, ఆ రాత్రి అక్కడున్న అందరికీ

ఇంకా నిద్రపోలేదు. గోళ్ళలో బురద పోలేదు, భుజాలు పైకి లేవట్లేదు. అయినా ఇప్పుడే రాసేయాలి. రెండ్రోజులు ఆగితే పనుల్లో పడిపోయి "అందరికీ థాంక్స్" అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తాను, నా సంగతి నాకు తెలుసు.

చాలామందికి ఫోన్లలో తెలిసిపోయింది. తెలియనివాళ్ళకి చెప్తున్నా: నిన్న సాయంత్రం మందస అవతల, మహేంద్రగిరి కొండల వైపు ఉన్న మా అత్తవారి జీడి తోట చూసుకుని వస్తుంటే, గెడ్డ (కొండవాగు) దాటే చోట బాట ఎడమ పక్క కుంగిపోయి మా బండి, థార్, దిగబడిపోయింది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి ఏం లాభం, బండి కింద భాగం నేలకి ఆనేశాక నాలుగు చక్రాలూ ఊరికే తిరుగుతాయంతే. బండిలో అమ్మ, మా ఆవిడ, పాప. ఒడిశా వైపు కొండల మీద మెరుపులు. మన గెడ్డల సంగతి ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కింద చుక్క పడకపోయినా పైన గట్టిగా కురిసిందంటే కాసేపట్లో నీళ్ళు దిగిపోతాయి.

ఇన్సూరెన్స్‌తో పాటు రోడ్డు సాయం అని ఏటా డబ్బులు కట్టించుకుంటారు కదా, గట్టెక్కి సిగ్నల్ వెతుక్కుని ఆ నంబరుకి చేశాను. ముందు ల్యాండ్‌మార్క్ చెప్పమన్నారు. జీడి తోట, ఆ పక్కన ఇంకో జీడి తోట, ఏం చెప్పను? ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది పాపం. "సార్, మా బండి తారు రోడ్డు దిగి రాదు. మీరు మెయిన్ రోడ్డు మీదకి తెచ్చేస్తే అక్కణ్నుంచి మేం చూసుకుంటాం" అంది. మెయిన్ రోడ్డు మీదకి నేనే తెచ్చుకోగలిగితే ఇంక మీతో నాకేం పనమ్మా!

ఈలోపు ఊళ్ళోంచి జనం వచ్చారు. ఒకాయన ట్రాక్టర్ తెచ్చారు, లారీ సరుకు కట్టే బెల్టు తెచ్చారు, దాన్ని మా బంపరుకి కట్టి ఒక్క గుంజు గుంజుదామన్నారు. అప్పుడే ఎవరో "ఆగండ్రా, ఆయనకి ఫోన్ చేశాం, వస్తన్నాడు" అన్నారు.

ఆయన పేరు రాయొద్దన్నారు, రాయను. టెక్కలి గ్రానైట్ క్వారీల్లో చాలా ఏళ్ళు రాళ్ళు లాగించే పని చేశారట, ఇప్పుడు పలాస చుట్టుపక్కల లారీలు, ట్రాక్టర్లు దిగబడితే వెళ్ళి లాగుతారు. పాత జీపు, ముందు బంపరుకి వించ్ (ఇనప వైరుని డ్రమ్ముకి చుట్టుకుంటూ బండిని లాగే మోటారు), వెనకాల ఒక ఇనప పెట్టె. వచ్చీ రాగానే బండి వైపు చూడలేదు. గట్టు మీద రాయి మీద కూర్చున్న అమ్మ దగ్గరకెళ్ళి, "అమ్మా, రాయి సల్లగుంటాది, జీపులో కూకోండి" అని చెయ్యి పట్టి ఎక్కించి, తన తువ్వాలు దులిపి మోకాళ్ళ మీద కప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "బావూ, ఇంజను ఆపీండి. తిప్పినకొద్దీ దిగిపోద్ది."

ఆ తర్వాత ఆయన చేసింది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఫోన్లలో బండ్లు లాగే వీడియోలు చూసి అదే పద్ధతి అనుకుంటాం మనం. ముందు పారలిచ్చి టైర్ల ముందరా, ఇరుసు మధ్యలో గుండులా ఉండే డిఫరెన్షియల్ కిందా బురద తీయించారు. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐకి దింపారు. బెల్టు బంపరుకి కడితే ఏమవుతుందని ట్రాక్టర్ ఆయన అడిగితే, "బంపరు ఊడొచ్చి గుండులాగ ఎగురుద్ది బావూ. అది సరుకు కట్టే బెల్టు, సాగదు. జర్కు ఇచ్చి లాగడానికి సాగే నైలాను తాడు వేరేగా ఉంటాది, దాన్నైనా ఛాసిస్ హుక్కుకే తగిలించాల" అన్నారు. ఆయన వించ్ 9500 పౌండ్లది, అంటే సుమారు 4300 కిలోలు. థార్ ఖాళీగానే టన్నున్నర పైమాట, మరి చాలదా అంటే, చక్రాల మట్టుకి దిగితే బండి బరువంత బలం చాలు గానీ మడ్‌గార్డు దాకా దిగితే దానికి రెండింతలు లెక్కేసుకోవాలట, పైగా డ్రమ్ము మీద వైరు ఎన్ని పొరలుంటే లాగే బలం అంత తగ్గుతుందట. అందుకని వైరు చాలావరకు బయటికి తీశారు, డ్రమ్ము మీద మాత్రం ఓ అయిదు చుట్లు ఉంచే తీరాలన్నారు.

జీపుని గట్టి నేల మీద ఆపి, చక్రాలకి రాళ్ళు పెట్టి, వెనక భాగాన్ని ఒక చెట్టుకి కట్టారు. పక్కనున్న చింత చెట్టు మొదలుకి వెడల్పాటి బెల్టు చుట్టారు. ఇనప వైరు నేరుగా చుడితే చెట్టు బెరడు కోసుకుపోతుంది, వైరూ నలిగిపోతుంది. మా బండి ఛాసిస్‌కున్న (కింది ఇనప చట్రానికున్న) హుక్కుకి డీ షాకిల్‌తో (పిన్ను బిగించే ఇనప లంకెతో) కప్పీ తగిలించి, వించ్ వైరుని దాంట్లోంచి తిప్పి తెచ్చి చింత చెట్టు బెల్టుకి వేశారు. అలా చేస్తే లాగే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం. షాకిల్ పిన్ను పూర్తిగా బిగించి పావు తిప్పు వెనక్కి తిప్పారు, లేకపోతే బరువు పడ్డాక పట్టేసి మళ్ళీ ఊడదు. వైరు కొస కొక్కెం నోరు పైకి ఉండేలా వేశారు. ఏదైనా తేడా వస్తే అది నేలకి కొట్టుకుంటుంది, మొహం మీదకి లేవదు. తర్వాత గోనె సంచుల్లో తడి మట్టి నింపి వైరు మీద వేయించారు, జీపు బానెట్ పైకి లేపి ఉంచారు. వైరు తెగినా దాని ఊపు సంచుల బరువుకి తగ్గాలి, మిగిలింది ఏమన్నా ఉంటే అద్దం మీదకి రాకుండా బానెట్ ఆపాలి.

అప్పుడు జనాన్ని తోలారు. సాగిన వైరుకి ఒకటిన్నర రెట్లు దూరం. తమాషా చూడ్డానికి వచ్చిన కుర్రాళ్ళు కదలట్లేదు, ఒకడు వీడియో తీస్తున్నాడు. ఈయన రిమోట్ జేబులో పెట్టేసుకున్నారు. "ఎవులైనా ఆ రెండు తాళ్ళ మద్దెనకొచ్చారో, నాను ఆపీసి ఇంటికెల్లిపోతాను. క్వారీలో తాడు తెగితే ఏటవుద్దో సూసినోడ్ని." అంతే, ఇంకేం చెప్పలేదు. అందరూ వెనక్కి జరిగారు.

నన్ను ఒక్కణ్నే బండిలో కూర్చోమన్నారు. లో రేంజిలో రెండో గేరు, స్టీరింగ్ తిన్నగా, ఆయన చెయ్యి తప్ప ఎవరు అరిచినా వినొద్దు. అప్పటికే నీళ్ళు టైర్లని తాకుతున్నాయి, నాకు లోపల టెన్షన్ ఎక్కిపోతోంది. ఆయన మాత్రం కాస్త లాగడం, ఆపడం, చెట్టు బెల్టు చూసుకోవడం, మోటారు మీద చెయ్యి పెట్టి వేడి చూడ్డం, మళ్ళీ కాస్త లాగడం. బ్యాటరీ దిగిపోకుండా జీపు ఇంజను నడుస్తూనే ఉంది. థార్ ముందు చక్రం గట్టి నేల పట్టుకున్నప్పుడు సీటు కింద తెలిసింది నాకు. బయట ఈలలు వేశారు. ఈయన వేయనివ్వలేదు, వైరు పూర్తిగా వదులయ్యేదాకా ఎవర్నీ దగ్గరకి రానివ్వలేదు.

అయిపోయింది కదా అనుకున్నాను. ఆయన టార్చి నోట్లో పెట్టుకుని ఆ బురదలో వెల్లకిలా పడుకుని మా బండి కిందకి దూరారు. బ్రేకు పైపులు ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమి చూశారు. ఎందుకండీ అంటే, "గుంట ఉంది కదా బండిలో" అన్నారు, మా పాపని చూపిస్తూ. డబ్బులిస్తే డీజిల్‌కి సరిపడా మాత్రం తీసుకుని మిగతాది నా జేబులోనే కుక్కారు. టైర్లలో గాలి తక్కువుంది, మెల్లగా వెళ్ళమని చెప్పి, పలాస దగ్గర హైవే ఎక్కేదాకా మా వెనకాలే జీపులో వచ్చారు. అక్కడ దిగి అద్దం దగ్గరకొచ్చి, "ఇంటికెల్లి ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వండి బావూ. మీరు సేరినారని తెలిస్తే గానీ మా ఇంటిది పడుకోదు" అన్నారు.

ఎవరో తెలియని మా కోసం ఆ ఇంట్లో ఒకావిడ మెలకువగా కూర్చుందని విన్నాక నేనింక ఆగలేకపోయాను. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ముందు కూర్చున్న అమ్మ నా వీపు రాస్తోంది. ఆయన ఇబ్బందిపడి వెళ్ళిపోయారు, సరిగ్గా దణ్ణం కూడా పెట్టలేదు నేను. అండీ, మీ అబ్బాయి మీకు ఇది చదివి వినిపిస్తాడని తెలుసు. మీకూ, మీ ఇంటావిడకీ ఇక్కడినుంచే దణ్ణం.

ఒక్కటి మాత్రం అడగాలి. ఆ గెడ్డ మీద కల్వర్టు 2018లో తిత్లీ తుపానుకి కొట్టుకుపోయిందట. తర్వాత ఎవరో వచ్చి కొలతలు తీసుకెళ్ళారట, ఆ కొలతలు ఏ బీరువాలో ఉన్నాయో దేవుడికెరుక. వానలప్పుడు అంబులెన్స్ ఇవతల గట్టునే ఆగిపోతుందని, నెలలు నిండిన ఆడపిల్లని మంచం మీద మోసుకుని దాటించారని అక్కడొక పెద్దావిడ చెప్పింది. మాకు ఒక్క రాత్రి కష్టం, వాళ్ళకది ఏటా ఉన్నదే. వించ్ ఉన్న ఒక మనిషి మంచితనం మీద ఎన్ని ఊళ్ళు బతకాలి?

మా ఆవిడ, అర్ధరాత్రి దాటాక శ్రీకాకుళం నుంచి బట్టలూ ఫ్లాస్కూ పట్టుకుని ఎదురొచ్చిన మా బామ్మర్ది, వీళ్ళకి వేరే చెప్పాలా, ఇంట్లో చెప్పుకుంటాం.

ట్రాక్టర్ అన్నగారికి: మీ బెల్టు వాడలేదని మీరు అలగలేదు, చివరిదాకా హెడ్‌లైట్లు వేసి ఉంచారు. ఆ వెలుగు లేకపోతే షాకిల్ పిన్ను కూడా కనిపించేది కాదు. పారలతో బురద తీసిన కుర్రాళ్ళకి, పేర్లు అడగలేదు, క్షమించండి.

పొద్దున్నే షాపు తెరవకముందే టైర్లలో గాలి కొట్టి, బురద చూసి పైసా తీసుకోని కాశీబుగ్గ పంచరు షాపు తమ్ముడిని మర్చిపోయాను చూడండి. ఆ, ఫోన్ చేసి ఆయన్ని పిలిచింది ఎవరో ఇప్పటికీ తెలీదు, చదువుతుంటే కింద చెప్పండి.

పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని చోడంబలి (రాగి అంబలి) పట్టించిన అమ్మకి కూడా. మీ స్టీలు తపేలా మా బండిలోనే వచ్చేసింది, వచ్చే ఆదివారం తెచ్చిస్తాను.