కార్పెట్ ఎత్తి రేకు చూపించండి

సంపాదకుల వారికి,

నాన్నగారి 1984 అంబాసిడర్ కారుకు మూడేళ్ల కిందట కొత్త కార్పెట్ వేయించాను. షాపువాళ్లు కింద మెత్తగా పరిచే పాత ఫెల్ట్ గుడ్డ తీయకుండానే దాని మీద గమ్ పూసి అంటించేశారు. మొన్న ముక్కిన వాసన వస్తోందని ఎత్తి చూస్తే, డ్రైవర్ కాళ్ల దగ్గర రేకు అప్పడంలా విరిగింది. ఆ కన్నంలోంచి రోడ్డు కనబడింది. ప్రాణం ఉసూరుమంది.

ఈసారి దగ్గరుండి చేయించాను. సీట్లు విప్పించి, తుప్పు గీకించి, కొత్త రేకు వెల్డింగ్ పెట్టించి, ప్రైమర్ కొట్టించాను. అది ఆరాకే బ్యూటైల్ అనే రబ్బరు షీటును రోలర్‌తో నొక్కి అంటించారు. రేకు అదురు తగ్గేది దానివల్లే. దానిపైన నీళ్లు పీల్చని ఫోమ్, ఆ తర్వాతే కార్పెట్. ఇప్పుడు వెనక సీట్లోంచి అమ్మ మాట్లాడితే చక్కగా వినపడుతోంది.

అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, కాబట్టి ఉన్నవాటినే కాపాడుకోవాలి. దయచేసి షాపులవారు పాతది పూర్తిగా పీకి, రేకు ఓనరుకు చూపించాకే కొత్తది వేయండి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం