కుట్టు కూలి ఎక్కడికి పోతోంది?

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం ఆడవాళ్ల పేజీలో ‘ఇంట్లో కుట్టుమిషను ఉంటే నెలకు 30 వేలు’ అని పెద్ద అక్షరాలతో వేశారు. చదవగానే నవ్వొచ్చింది, కాసేపటికి ఒళ్లు మండింది. ఎందుకంటే ఆ పేపరు పట్టుకుని మా సందులో ఇద్దరు నా దగ్గరికి వచ్చారు, మేమూ మిషను తీసుకుంటాం వదినా, వాయిదాల మీద ఇస్తారంట, నువ్వేమంటావు అని. నేనేమంటాను, కూర్చోబెట్టి లెక్క చెప్పాను. ఆ లెక్కే మీకూ రాస్తున్నా.

మా విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో లైనింగ్ జాకెట్టుకు టైలరు 350 తీసుకుంటున్నాడు. బోర్డూ గీర్డూ లేని నాలాంటి వాళ్లకు 300 ఇస్తే గొప్ప. ముప్పై వేలు రావాలంటే నెలకు వంద జాకెట్లు కుట్టాలి. కొలతలు రాసుకుని, లైనింగ్ తడిపి ఆరేసి, కత్తిరించి, కుట్టి, హుక్కులూ కాజాలూ చేతిపనీ అన్నీ కలిపితే నాకు ఒక్కోదానికి మూడు గంటలు పడుతుంది, చెయ్యి తిరిగినవాళ్లకు రెండు పట్టొచ్చు. నా లెక్కన వందకు 300 గంటలు, అంటే ఆదివారం లేదు పండగ లేదు జ్వరం లేదు, రోజుకు పది గంటలు మిషను మీదే. మరి వంట ఎవరు చేస్తారు, కుళాయి వచ్చే టైముకు బిందెలు ఎవరు పెడతారు? అయినా నెలనెలా వంద జాకెట్లు తెచ్చి నా గుమ్మంలో పోసేదెవరు? శ్రావణంలో, దసరాకి, సంక్రాంతి ముందు ఊపిరాడదు, ఆషాఢంలో ఈగలు తోలుకోవాలి.

అలాగని మిషను దండగ అనడం లేదు. మా అమ్మ పెళ్లికి పెట్టిన కాలు మిషను అది, దానితోనే నేను ఒక అప్పు తీర్చాను. కాకపోతే మీరు రాసిన దారిలో కాదు.

పెళ్లయిన దగ్గర్నుంచీ పదేళ్లు ఇంట్లోవాళ్లవన్నీ నేనే కుట్టాను. నావి, అత్తయ్యవి, పిల్లలవి. ‘టైలరు డబ్బులు మిగులుతున్నాయి’ అని అందరితో చెప్పుకునేదాన్ని కూడా. ఎక్కడ మిగిలాయి? టైలరుకు ఇవ్వాల్సిన 350 నా పర్సులోనే ఉండిపోయేది కదా, సాయంత్రం పునుగులకు యాభై, పిల్లాడి రీచార్జికి కొంత, ఎవరో గృహప్రవేశానికి పిలిస్తే చదివింపులకు కొంత, నెలాఖరుకు చూస్తే పర్సు ఎప్పటిలాగే ఉండేది. పదేళ్ల కుట్టు, చూపించడానికి పైసా లేదు.

2021లో కరోనా రెండోసారి వచ్చినప్పుడు మావారికి ఆటోనగర్‌లో పని ఆగిపోయింది, ఆసుపత్రి ఖర్చు ఒకటి నెత్తిన పడింది, నా మూడు కాసుల గాజులు బ్యాంకులో పెట్టి 60 వేలు తెచ్చాం. ఏడాది తిరిగేసరికి వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించాం. మళ్లీ ఏడాదీ అదే చేసేవాళ్లమేమో. అప్పట్లో నాకు వారం రోజులు నడుంనొప్పి వచ్చి, అత్తయ్యవి రెండు జాకెట్లు బయట ఇవ్వాల్సి వచ్చింది. ఏడు వందలు. ఒక్కమాట మాట్లాడకుండా మావారు తీసి ఇచ్చేశారు. అప్పుడు వెలిగింది నాకు. బయటివాడికి ఇవ్వాలంటే డబ్బు ఎక్కడినుంచో వస్తుంది, ఇంట్లోదానికైతే ఆ డబ్బు పుట్టదు. అయితే నేనూ బయటిదాన్నే అనుకోండి అని చెప్పేశాను.

2022 జూన్ నుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. కుట్టింది ఏదైనా సరే, టైలరు రేటు రాసి, డబ్బులు అప్పటికప్పుడు పాత హార్లిక్స్ సీసాలో వేయించాను. అత్తయ్య ముక్కున వేలేసుకుంది, ‘ఇంట్లో కుట్టినదానికి కూలేంటే, రేపు అన్నం వడ్డించినందుకు కూడా అడుగుతావా’ అని. మావారు ‘గుండీకి కూడా బిల్లు వేస్తావా’ అన్నారు. వేశాను, పది రూపాయలు.

ఒక నెల పేజీ చూసి రాస్తున్నా. జాకెట్లు మూడు 1,050. నైటీ ఒకటి 150. చీరకు ఫాల్ 80. పిల్లాడి నిక్కరు జిప్పు 60. స్కూలు ప్యాంటు పొడవు దించింది 50. మొత్తం 1,390. ఇందులో లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులు 250 తీసేస్తే 1,140. పక్కవాళ్లవి రెండు జాకెట్లు 600, లైనింగ్ వాళ్లదే. కలిపి 1,740. మీ 30 వేలు ఎక్కడ, నా 1,740 ఎక్కడ అనుకుంటారేమో, కానీ ఈ 1,740 నిజంగా సీసాలో ఉంది.

ఇందులో ఒక్కటి గట్టిగా పట్టుకోవాలి. టైలరుకు ఇచ్చేవాళ్లమే అనుకున్నది మాత్రమే పుస్తకంలో రాయాలి. పాత చీర చింపి కిటికీలకు కర్టెన్లు కుట్టాను, బాగున్నాయి, కానీ కుట్టకపోతే మేము కర్టెన్లు కొనేవాళ్లం కాదు, కాబట్టి రాయలేదు. గలీబులు, బొంతలు, సంచులు కూడా అంతే. లేకపోతే పుస్తకంలో వేలు కనపడతాయి, సీసాలో గాలి ఉంటుంది.

సీసాలో డబ్బు ఏం చేయాలన్నది రెండో గొడవ. మా చెల్లెలు పోస్టాఫీసు ఆర్డీ, అదే నెలనెలా ఇంత అని కట్టే పొదుపు ఖాతా, కట్టమంది, ఇంకొకరు చీటీ వేయమన్నారు. నేను బ్యాంకుకు వెళ్లి అడిగాను, గాజుల అప్పుకు మధ్యలో అసలు కింద కొంచెం కొంచెం కట్టొచ్చా అని. కట్టుకోవచ్చమ్మా అన్నారు. ఏడాదిపాటు ఆ సంగతే మాకు తెలియదు! తొమ్మిది శాతం దగ్గర వడ్డీ కడుతూ, ఇంకో చేత్తో ఆరు ఏడు శాతం వచ్చేచోట దాచుకోవడం ఎంత తెలివితక్కువ పనో అప్పుడు అర్థమైంది. అందుకే ఆర్డీ పక్కన పెట్టి ప్రతి నెలా సీసా తీసుకెళ్లి అప్పులో గుమ్మరించాను. మొదట్లో అసలు కదిలేదే కాదు, ఏడాదికి పదిహేను వేలు తగ్గింది అంతే, తర్వాత వడ్డీ తగ్గేకొద్దీ జోరందుకుంది.

మధ్యలో బుడమేరు వాగు వరద. 2024 సెప్టెంబరు ఒకటో తారీఖు మా నగర్‌లో ఎవరూ మర్చిపోరు. కింది ఇల్లు మాది, నీళ్లు ఎలా పెరుగుతున్నాయో చూస్తూ పైవాళ్ల డాబా మీదికి వెళ్లిపోయాం. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, గ్యాసు పుస్తకం, వాటితోపాటు ఆ నోటుబుక్కు కూడా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్లానని ఇప్పటికీ ఇంట్లో నవ్వుతారు. మిషను కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే చెక్క బల్ల పొంగి పొరలు పొరలుగా లేచిపోయింది, సొరుగులో బురద, మిషను తల మీద ఎర్రగా తుప్పు. ఏడుపొచ్చేసింది. మావారే తల విప్పి రెండు రోజులు కిరసనాయిల్లో నానబెట్టారు, షటిల్, బాబిన్ కేసు విడిగా తీసి బ్రష్షుతో రుద్దారు, చక్రం కదలకపోతే సుత్తితో కాదు, చెక్కముక్కతో మెల్లిగా తట్టి తట్టి తిప్పారు. మూడో రోజు మిషను నూనె పోస్తే ‘టక్’మని సూది కిందికి దిగింది. ఎదురింటి వాళ్ల కొత్త ఎలక్ట్రిక్ మిషను మాత్రం ఇక లేవలేదు. ప్రభుత్వం కింది ఇళ్లకు ఇచ్చిన 25 వేలు పరుపులకు, బియ్యానికి, ఫ్రిజ్ రిపేరుకు సరిపోలేదు, అయినా దాంట్లోంచే కొత్త బల్ల చేయించాను, కొత్త తోలు బెల్టు వేయించాను. నాలుగు నెలలు సీసా ఖాళీ. తర్వాత మళ్లీ మొదలు.

మొన్న సంక్రాంతికి ముందు చివరి ముక్క కట్టి గాజులు విడిపించాను. ఈలోగా బంగారం తులం లక్ష దాటిపోయింది, పోతే మళ్లీ కొనగలిగేదాన్నా! బ్యాంకు నుంచి బయటికి వచ్చి కవరు విప్పి చూసుకున్నాను, నాలుగున్నరేళ్లలో చెయ్యి లావైంది కాబోలు, ఎక్కలేదు. ఇంటికెళ్లి సబ్బు రాసి ఎక్కించాం.

పొదుపు అంటే అన్నీ ఇంట్లోనే కుట్టడం అనుకోవద్దని కూడా రాయండి దయచేసి. మగవాళ్ల చొక్కా నేను కుట్టను. గుడ్డ కొని, కాలరుకు క్యాన్వాసు వేసి, అంత తంటా పడేసరికి బీసెంట్ రోడ్డులో తయారుగా ఉన్నది అంతకంటే చవగ్గా దొరుకుతుంది. పిల్లల టీషర్టులు, లెగ్గింగులు అంతే, ఆ సాగే గుడ్డ మా మిషను మీద పడితే కుట్టు జారిపోతుంది. కుట్టాల్సింది జాకెట్లు, లంగాలు, నైటీలు, పరికిణీలు, ఇక ఉన్నవాటిని బాగుచేయడం. అసలు డబ్బు బాగుచేయడంలోనే ఉంది. మా పాప స్కూలు స్కర్టు ఆరో తరగతిలో కుట్టినప్పుడు కింద నాలుగు వేళ్ల మడత లోపలికి వదిలాను, నడుము దగ్గర కూడా రెండు వైపులా అంగుళం దాచాను. జూన్ రాగానే మడత ఒక వేలు విప్పి మళ్లీ కుడతాను. ఒకటే ఇబ్బంది, పాత మడత ఉన్నచోట రంగు వెలిసి తెల్లటి గీత పడుతుంది, ఇస్త్రీ చేసినా, నిమ్మరసం రాసినా పోలేదు. ఇప్పుడు దానికి ఎనిమిదో తరగతి, స్కర్టు మీద రెండు గీతలున్నాయి. ‘ఇది ఆరు, ఇది ఏడు’ అని చూపిస్తుంది. ఒకసారి బడిలో ఎవరో నవ్వితే ఏడ్చుకుంటూ వచ్చింది, ఆ రోజు మాత్రం పొదుపు గిదుపు అనలేదు, రెండు గీతల మీదా నీలం పైపింగు వేసి ఇచ్చాను. ఇప్పుడు డిజైనుగా ఉంది.

నా బలహీనత ఒకటి ఉంది, అదీ చెప్పేస్తా. గుడ్డ ముక్కలు. వన్‌టౌన్ బట్టల మార్కెట్టు వస్త్రలతలోకి వెళ్తే నా కాళ్లు నా మాట వినవు. కట్ పీసులు చవగ్గా వస్తున్నాయని తెచ్చి తెచ్చి బీరువా కింద అర నిండింది, వరదలో సగం పోతే లోలోపల ‘పీడా పోయింది’ అనుకున్నాను కూడా. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది కదా, ఛార్జీ మిగిలిందని వెళ్లి ఆరొందలు ఖర్చుపెట్టి వచ్చిన రోజులున్నాయి. ఇప్పుడు ఏ జాకెట్టుకో ముందే అనుకుని, గుడ్డకు సరిపడా డబ్బు మాత్రమే పట్టుకుని వెళ్తున్నా. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తున్నా, స్కాన్ చేసే పని లేకుండా.

ఇంకో విషయం, దీనికోసమైనా ఈ ఉత్తరం వేయండి. మా సందులో అమ్మాయి ఒకతి ఫోన్‌లో ప్రకటన చూసింది, కత్తిరించిన గౌన్లు ఇంటికే పంపిస్తారట, కుట్టి ఇస్తే ఒక్కోదానికి ఇంత అని ఇస్తారట, ముందుగా 2,500 డిపాజిట్ కట్టాలట. కట్టింది. మొదటి మూట వచ్చింది, రాత్రింబవళ్లు కుట్టి పంపింది, ‘కుట్టు నేరుగా లేదు’ అని కూలీ ఇవ్వలేదు, డిపాజిట్టూ ఇవ్వలేదు, తర్వాత ఫోను కూడా ఎత్తలేదు. సిగ్గుపడి ఇంట్లో చెప్పలేదు ఆ పిల్ల. ఇలాంటి మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలని నేను చెప్పేసరికి నెల దాటిపోయింది. పని ఇచ్చేవాడు మనకు డబ్బులివ్వాలి గానీ మన దగ్గర తీసుకోవడమేంటి? ‘నెలకు 30 వేలు’ అని మీలాంటి పెద్ద పేపరు రాస్తే ఆ మోసగాళ్ల మాట ఇంకా నిజంలా వినపడుతుంది కదా. దాని బదులు, విశ్వకర్మ పథకంలో ఉన్న 18 చేతివృత్తుల్లో దర్జీ పని కూడా ఒకటని, శిక్షణ, పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి అప్పు ఉన్నాయని, దరఖాస్తు ఎక్కడ పెట్టుకోవాలో వేయండి. కత్తిరించి దాచుకుంటాం.

అప్పు తీరిపోయింది, సీసా మాత్రం తీయలేదు. ఆ డబ్బు పాప పేరున ఆడపిల్లల పొదుపు పథకం సుకన్యలో వేద్దామంటే పదేళ్లు దాటితే ఖాతా తెరవనివ్వరు. నేను పుస్తకం మొదలుపెట్టిన 2022లో దానికి తొమ్మిదేళ్లే, ఏడాదికి 250 రూపాయలు కట్టినా ఖాతా బతికి ఉండేది, ఇప్పుడు 8.2 శాతం వడ్డీ చూసి నాలుక కరుచుకుంటున్నా. చిన్నపిల్లలున్న వాళ్లు ముందు ఆ పని చేయండి. నేను ఇక పోస్టాఫీసులో నెలకు 1,500 చొప్పున అయిదేళ్ల ఆర్డీ మొదలుపెట్టాను, 6.7 శాతం, చివరికి లక్షా ఏడు వేలు వస్తుంది. నా ఒక్కదాని పేరునే.

‘దేనికే ఆ డబ్బు’ అని అత్తయ్య రోజూ అడుగుతోంది. ఇంకా అనుకోలేదు అంటున్నా. అనుకున్నాను గానీ ఇప్పుడే చెప్పను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ