కొత్తగా తేనె పెట్టె పెట్టుకున్నవారికి

అందరికీ నమస్కారం. పెట్టెను ఎండ కాసే, గాలి లేని పూట తెరవండి. కొంచెం పొగ చాలు. ముందుగా చివరి చట్రం (తేనెపట్టు ఉండే చెక్క ఫ్రేము) తీసి పక్కన పెడితే మిగతావాటిని తేనెటీగలు నలగకుండా ఎత్తవచ్చు.

గుడ్లు పెట్టే రాణి ఈగ కనిపించలేదని దయచేసి గంటసేపు వెతకకండి. ఎండను వీపు వైపు ఉంచుకుని పట్టులోని గదుల అడుగున చూడండి. గదికొకటి చొప్పున సన్నటి తెల్లని గుడ్లుంటే నిశ్చింతగా మూసేయండి. గుడ్డు 3 రోజుల్లో పొదుగుతుంది కనుక రాణి ఈమధ్య వరకూ అక్కడే ఉందన్నమాట. ఒక్కో గదిలో రెండు మూడు గుడ్లు, అవీ గోడలకు అంటుకుని ఉంటే రాణి లేక కూలి ఈగలు (పెట్టెలో పనులు చేసే ఆడ ఈగలు) పెడుతున్నాయేమో; వెంటనే ఫొటో పంపండి.

మన దేశవాళీ ఈగలను మాటిమాటికీ కదిలిస్తే పెట్టె వదిలి వెళ్లిపోతాయి. అడుగు పలక మీది చెత్త తుడవండి, లేకపోతే పట్టును తినే మైనపు పురుగు చేరుతుంది. చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింది గిన్నెల్లో నీళ్లు ఈరోజే నింపండి.