సేవా నిధి జమా ఖర్చులు (ఫ్రీజర్ బాక్స్ సంగతి కూడా ఇందులోనే ఉంది, చివరిదాకా చదవండి)

సభ్యులందరికీ నమస్కారం.

చనిపోయినవాళ్లను దహనం దాకా చల్లగా ఉంచే ఫ్రీజర్ బాక్స్ ఎందుకు కొన్నారు, అంత ధర ఎందుకు, ఆలస్యం ఎందుకు అని పది రోజులుగా మన పొదుపు సంఘం గ్రూపులో నడుస్తున్నదంతా మేమూ చదువుతూనే ఉన్నాం. వెంటనే జవాబు ఇవ్వకపోవడానికి కారణం భయం కాదు, వోచర్లన్నీ ఒక దగ్గర పెట్టి కూడుకోవడానికి గణకుడికి నాలుగు సాయంత్రాలు పట్టింది. నోటి లెక్క చెబితే దాని మీద ఇంకో పది ప్రశ్నలు వస్తాయని ఆగాం. ఇది 2025 జనవరి మహాసభ నుంచి నవంబర్ 30 వరకు లెక్క.

ముందుగా ఒక మాట. ఇది ఊరి అవసరాల కోసం పెట్టుకున్న సేవా నిధి లెక్క మాత్రమే. మీరు నెల నెలా కట్టే పొదుపు వేరు, అప్పుల ఖాతా వేరు, సభ్యుడు పోతే బాకీ మాఫీ చేసే నిధి వేరు. వాటిలో ఒక్క పైసా కూడా ఇటు రాలేదు. పోయినేడు మిగులులోంచి 60,000 మాత్రం వచ్చింది, అది మహాసభలో మీరందరూ చేతులెత్తి ఒప్పుకున్నదే, తీర్మానం పుస్తకంలో ఉంది.

జమ:

మిగులు నుంచి: 60,000
సభ్యుల చందా, 412 మంది, 200 చొప్పున: 82,400
దుబాయ్, హైదరాబాద్, అమెరికాలో ఉన్న మన ఊరివాళ్లు ఫోన్‌పేలో, బ్యాంకులో వేసింది: 68,116
అక్టోబర్ సభ రోజు డబ్బాలో పడింది: 3,740
బాక్స్ వాడకం కింద (దీని గొడవ కింద రాశాం): 1,500
బ్యాంకు వడ్డీ: 1,583
మొత్తం 2,17,339 రూపాయలు.

ఇచ్చిన ప్రతి ఒక్కరికీ చేతులెత్తి దండం. అడగకుండానే రెండుసార్లు వేసిన ఒక తమ్ముడు పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. అట్లాగే పింఛను డబ్బుల్లోంచి రెండు వందల నోట్లు విడిగా మడిచి తెచ్చి, ఒకటి తనకు, ఒకటి చనిపోయిన భర్త పేరు మీద రసీదు రాయించుకున్న పెద్దమ్మకు కూడా. ఆయన సభ్యత్వం ఎప్పుడో క్లోజ్ అయిందని చెప్పినా ఆమె వినలేదు, మేమూ గట్టిగా చెప్పలేకపోయాం. కాబట్టి 412లో ఒకరు లేని సభ్యుడు, ఆడిట్‌లో ఎవరైనా అడిగితే ఇదే జవాబు.

ఖర్చులో గొడవ లేనివి ముందు చెప్పేస్తాం.

పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు సాయంత్రం స్పెషల్ క్లాసుల్లో అటుకులు, ఉడికించిన శనగలు, 41 మందికి 37 రోజులు, మనిషికి 12 రూపాయల లెక్కన 18,204. జూలైలో కంటి శిబిరానికి టెంటు, భోజనాలు, శుక్లాల ఆపరేషన్‌కు 17 మందిని తీసుకెళ్లి తెచ్చిన ఆటోలు కలిపి 14,350. ఆపరేషన్లు ఆసుపత్రివాళ్లు ఉచితంగానే చేశారు. రసీదు పుస్తకాలు, కరపత్రాలు, జిరాక్సులు 1,460.

అక్టోబర్ 16 సభకు 9,860. "మనకు క్రెడిట్ యూనియన్ దినం ఏంది, అది అమెరికా పండగ కదా" అని ఒకరు రాశారు. అన్నా, క్రెడిట్ యూనియన్ అంటే పది మంది తమ పైసలు ఒక దగ్గర పెట్టుకుని తమలో తామే అప్పు ఇచ్చుకునే సంఘం, అంటే మనమే. 1948 నుంచి అక్టోబర్ మూడో గురువారం జరుపుతున్నారు, పైగా 2025ను ఐక్యరాజ్యసమితి సహకార సంవత్సరం అన్నది. ఏడాదికొక్కసారి షామియానా కింద కూర్చుని టీ తాగితే సంఘం మునగదు. శాలువాలు రెండే కొన్నాం, ఒక్కోటి 350. గ్రూపులో "పది శాలువాలు" అని వచ్చింది, మిగతా ఎనిమిది ఎవరి భుజం మీద ఉన్నాయో చూపిస్తే మేమే వెళ్లి తెచ్చుకుంటాం.

ఇక అసలు సంగతి.

పొదుపు సంఘానికి శవపెట్టెతో ఏం పని అన్నది మొదటి ప్రశ్న. 2024 ఎండాకాలంలో మన పాత సభ్యుడొకాయన పోయినప్పుడు ఆ ఇంటి దగ్గర ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న రాదు. కొడుకు దుబాయ్ నుంచి రావాలి, టికెట్ దొరికి, కంపెనీ వదిలి వచ్చేసరికి రెండు రోజులు. బాక్స్ కోసం మూడు ఊళ్లు తిరిగాం, ఎక్కడిదక్కడ పోయి ఉంది. చివరికి ఐసు దిమ్మెలు తెచ్చి, కరగకుండా ఊక పోసి, కింద తట్టలు పెట్టి, గంట గంటకూ నీళ్లు ఎత్తిపోశారు. ఆ తట్టల నీళ్లు వాకిట్లోకి పారుతుంటే కోడలు చీపురుతో తోస్తూ ఏడవడం చూశాం. జనవరి మహాసభలో ఈ మాట లేవగానే ఎవరూ వద్దనలేదు. సహకార సూత్రాలు ఏడుంటే ఏడోది సమాజం పట్ల శ్రద్ధ, 1995లో రాసుకున్నది, మన ఆఫీసు గోడ మీద కూడా పెయింట్ చేసి ఉంది. మన పక్క ముల్కనూరులో 1956లో విశ్వనాథరెడ్డి గారు సంఘం పెట్టినప్పుడు అప్పులతోనే ఆగిపోయి ఉంటే రైసుమిల్లు వచ్చేది కాదు. వాళ్లతో మనకు పోలిక లేదు, తెలుసు. కానీ సంఘం అంటే వడ్డీ లెక్కే అనేవాళ్లకు ఆ ఉదాహరణ.

రెండో ప్రశ్న, 78,000కి వచ్చేదాన్ని 92,000 పెట్టి ఎందుకు కొన్నారు. రెండు కొటేషన్లూ ఫైలులో ఉన్నాయి. 78 వేలది రేకు పెట్టె, ఆరడుగులు, వారంటీ ఏడాది. 92 వేలది మందం స్టీలు, ఆరున్నర అడుగులు, రెండేళ్ల సర్వీసు. "ఊళ్లో ఆరున్నర అడుగుల మనిషి ఎవడున్నాడు" అని జోకు వేశారు. మనిషి కోసం కాదు, లోపల ట్రే పిడులతో సహా పట్టాలి. రేకు అయితే కడిగిన ప్రతిసారీ మూలల్లో తుప్పు పడుతుంది, పక్క ఊరి బాక్స్‌ను వెళ్లి చూసి రండి, మేము చూసి వచ్చాకే నిర్ణయించాం.

మూడోదే మమ్మల్ని బాగా బాధపెట్టింది. ఫిబ్రవరి 20న అడ్వాన్స్ ఇస్తే బాక్స్ ఆగస్టు 9న ఎందుకు వచ్చింది, ఈ ఆరు నెలలు డబ్బు ఎక్కడ తిరిగింది అని.

డబ్బు ఎక్కడా తిరగలేదు. 40,000 అదే రోజు ఖాతా నుంచి తయారీదారు ఖాతాలోకి వెళ్లింది. మిగతా 52,000 బాక్స్ దిగిన రోజు ఇచ్చాం. అప్పటిదాకా అది మన సేవా నిధి ఖాతాలోనే ఉంది, పైన జమలో కనిపించే 1,583 వడ్డీలో దాని వాటా కూడా ఉంది. పాస్‌బుక్ జిరాక్స్ ఆఫీసు గోడకు అంటించాం. నలభై వేలు రూపాయి వడ్డీకి ఆరు నెలలు తిప్పితే 2,400 వస్తుందని లెక్క కూడా కట్టి పెట్టారు ఒకరు, లెక్క కరెక్టే, మనిషే తప్పు. కోశాధికారి ఇంట్లో ఆ మెసేజ్ చదివిన రోజు పొయ్యి వెలగలేదు. ఆయన పదకొండేళ్లుగా జీతం లేకుండా ఈ పని చేస్తున్నాడు.

ఆలస్యం ఎట్లా అయిందంటే, మూడు వారాల్లో ఇస్తామన్నారు. మార్చి 15 అని మేము ఊళ్లో చెప్పేశాం కూడా. తర్వాత కంప్రెసర్ రాలేదన్నారు. ఏప్రిల్ వచ్చేసరికి ఆ వర్క్‌షాపులో అందరూ కూలర్ల పనిలో పడ్డారు, ఫోన్ చేస్తే "రేపు అన్నా" తప్ప ఇంకో మాట లేదు. జూన్‌లో ముగ్గురం సొంత ఖర్చుతో వెళ్లాం (బస్ టికెట్లు నిధిలో రాయలేదు, కావాలంటే వెతుక్కోండి). వెళ్లి చూస్తే తయారైంది ఆరడుగుల పెట్టె. టేపు పెట్టి కొలిచి, తీసుకోము అని చెప్పి వచ్చాం. ఆ రోజు తెచ్చేసి ఉంటే ఇవాళ ఈ ప్రశ్న ఉండేది కాదు, "ఆరున్నరకు డబ్బిచ్చి ఆరు తెచ్చారు" అన్న ప్రశ్న ఉండేది. మళ్లీ చేసి ఇచ్చేసరికి ఆగస్టు.

మా తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాం. కొటేషన్ మీద డెలివరీ తేదీ రాయించుకోలేదు, ఆలస్యమైతే ఎంత తగ్గిస్తారో రాయించుకోలేదు. ఇరవై వేల అప్పుకు వచ్చిన సభ్యుడిని ఇద్దరు జామీనుదార్ల సంతకం లేకుండా వెనక్కి పంపే సంఘం, నలభై వేలు నోటి మాట మీద ఇచ్చింది. ఈ మాట గ్రూపులో ఒక అక్క రాసింది, మాకు జవాబు దొరకలేదు. ఇకనుంచి పదివేలు దాటిన ఏ అడ్వాన్స్ అయినా తేదీ రాసిన కాగితం మీదే అని నవంబర్ మీటింగులో రాసుకున్నాం.

వచ్చిన రోజు కూడా ఒక గొడవే. ఆగస్టు 9 రాఖీ పండగ. ఆడబిడ్డలు పుట్టింటికి వస్తుంటే ఆ పెట్టెను ఊళ్లోకి తెస్తారా అని పెద్దలు ఆపారు, న్యాయమే. ట్రాలీ డ్రైవర్‌ను సాయంత్రం దాకా చెరువు కట్ట దగ్గర ఆపి, చీకటి పడ్డాక తెచ్చాం. అతను వెయిటింగ్ అడిగాడు, అందుకే రవాణా 4,500 అయింది.

బాక్స్ లేని ఆ ఆరు నెలల్లో రెండు ఇళ్లకు అద్దె బాక్స్ మేమే తెప్పించి నిధిలోంచి ఇచ్చాం. రోజుకు 2,500, ఆటో 1,200. ఒక ఇంటికి రెండు రోజులు, 6,200. ఇంకో ఇంటికి ఒక రోజు, 3,700. మొత్తం 9,900. "మా ఇంట్లో పోయినప్పుడు ఎందుకు ఇవ్వలేదు" అని అడిగినవాళ్ల ఇంట్లో చావు మహాసభకు వారం ముందు జరిగింది, అప్పటికి ఈ నిధే లేదు. బాధ అర్థం చేసుకోగలం, కానీ అందులో పక్షపాతం లేదు. మార్చి 15కు వస్తుందని మేమే చెప్పి, రాలేదు కాబట్టి ఆ రెండిళ్లకు మేమే బాధ్యులం అనిపించింది. అయితే ఏడుగురు పాలకవర్గంలో ఐదుగురు ఫోన్‌లోనే ఒప్పుకున్నారు, మినిట్స్ తర్వాత రాశాం. ఇది పద్ధతి కాదని ఆరో ఆయన ఇప్పటికీ అంటున్నాడు, ఆయన మాట కూడా మినిట్స్‌లో రాశాం.

స్టెబిలైజర్ 6,800, ఐసు 600. బాక్స్ మొదటిసారి వాడింది ఆగస్టు చివర్లో. వాన, కరెంటు వస్తూ పోతూ ఉంది. రాత్రి రెండింటికి కంప్రెసర్ మూగబోయింది. అద్దం మీద లోపలి నుంచి ఆవిరి పట్టడం చూసి ఆ ఇంటి పిల్లాడు పరుగెత్తుకొచ్చాడు. కరెంటు పని తెలిసిన తమ్ముడు లుంగీ మీదే వచ్చి టార్చి నోట్లో పెట్టుకుని వైర్లు చూశాడు, వోల్టేజీ 160 దగ్గర కొట్టుకుంటోంది. తెల్లారేదాకా మళ్లీ ఐసు దిమ్మెలే. లక్ష దగ్గర పెట్టి బాక్స్ కొని మళ్లీ ఐసు దగ్గరికే వచ్చాం అని మాలో మేమే తిట్టుకున్నాం. మూడో రోజే స్టెబిలైజర్ తెచ్చాం. కొటేషన్ ఇచ్చినవాళ్లు ఇది ముందే చెప్పాల్సింది, చెప్పలేదు.

ఆఫీసు వెనక వరండాకు గోడ, షట్టర్, స్విచ్ బోర్డు: 31,500. ఇది దండగ ఖర్చు అంటున్నారు. బాక్స్ పెట్టడానికి మూడు చోట్లు అడిగాం, ప్రతి చోటా "ఊరికి అవసరమే, కానీ మా ఇంటి పక్కన వద్దు" అన్నారు. నెల రోజులు ఆఫీసు లోపలే ఉంది. 5వ తారీఖు పొదుపు కట్టడానికి వచ్చిన అక్కలు గడప దాటలేదు, కిటికీలోంచి పాస్‌బుక్, డబ్బులు అందించారు. ఆ నెల గణకుడు కిటికీ దగ్గరే స్టూలు వేసుకుని వసూలు చేశాడు. ఇట్లా అయితే సంఘమే మూతపడుతుందని వరండా కట్టాం. మేస్త్రీ కూలీ, ఇటుక, షట్టర్ బిల్లులు విడివిడిగా ఉన్నాయి.

ఆ 1,500 సంగతి. బాక్స్ ఇప్పటికి ఏడుసార్లు వాడారు. నాలుగు సభ్యుల ఇళ్లు, ఉచితం. మూడు సభ్యులు కానివాళ్లవి, 500 చొప్పున. "చావు దగ్గర వసూళ్లా" అన్నారు. బయట రోజుకు 2,500 ఉన్నప్పుడు, ఎన్ని రోజులైనా 500 తీసుకున్నాం, అది కూడా దినకర్మ అయ్యాక. రేపు గ్యాస్ నింపాలన్నా, గ్లాసు పగిలినా ఎవరి దగ్గర అడగాలి? కాదు, ఉచితమే ఉండాలి అంటే మహాసభలో తీర్మానం పెట్టండి, మాకేం పట్టుదల లేదు.

మొత్తం ఖర్చు 1,89,174. చేతిలో మిగిలింది 28,165, అందులో బ్యాంకులో 27,000, నగదు 1,165.

రావాల్సింది కూడా రాయాలి కదా. 95 మంది సభ్యుల దగ్గర 200 చొప్పున 19,000. (ఇంకో 31 మంది ఇవ్వలేమన్నారు, వాళ్లను వదిలేశాం, ఎవరూ వాళ్లను అడగొద్దు.) ఇవి కాక మహాసభ మైకులో చప్పట్ల మధ్య చెప్పిన ఒక పదివేలు, రెండు ఐదువేలు, 20,000. పేర్లు రాయం. లెక్క అడిగే హక్కు చందా ఇవ్వనివాళ్లకు కూడా ఉంది, కాదనడం లేదు. కాకపోతే గ్రూపులో అందరికంటే పొడుగు మెసేజ్ రాసినాయన ఐదువేలు ఇంకా మాకు చేరలేదని ఆయనకూ తెలుసు.

రసీదు పుస్తకంలో 118 నంబరు లేదని అడిగారు. అది తప్పు పేరుతో రాసి కొట్టేసిన రసీదు, రెండు కాపీలూ పుస్తకానికే పిన్ను కొట్టి ఉన్నాయి.

వోచర్లు, పాస్‌బుక్, రెండు కొటేషన్లు ఈ నెల 5 నుంచి 12 దాకా ఆఫీసులో బల్ల మీద ఉంటాయి, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఫోటోలు తీసుకోవచ్చు, కాగితాలు మాత్రం ఇంటికి తీసుకెళ్లొద్దు, ఒకసారి అట్లా పోయిన షట్టర్ బిల్లు తిరిగి రావడానికి మూడు వారాలు పట్టింది.

షట్టర్ తాళాలు రెండు. ఒకటి గణకుడి దగ్గర, ఒకటి కిరాణా కొట్టు వదినె దగ్గర. రాత్రి ఎన్నింటికైనా ఫోన్ చేయండి, ఎత్తకపోతే వెళ్లి తలుపు కొట్టండి. స్టెబిలైజర్ కూడా బాక్స్‌తో పాటే తీసుకెళ్లండి, పోయినసారి మర్చిపోయి మళ్లీ రావాల్సి వచ్చింది.

ఇట్లు,
పాలకవర్గం