సూరిగాడికి, బుడ్డోడి కళ్ళ గురించి

అమలాపురం

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. బుడ్డోడు పుస్తకం పట్టిన పది నిమిషాలకే అక్షరాలు జంటలుగా కనబడుతున్నాయంటున్నాడనీ, ఒక కన్ను చేత్తో మూసుకుని చదువుతున్నాడనీ రాశావు. భీమవరంలో చూసినాయన కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అన్నాడు గదా. దగ్గరగా చూసేటప్పుడు రెండు కళ్ళూ ముక్కువైపు సరిపడా తిరగట్లేదన్నమాట. చెల్లెమ్మని గాబరా పడొద్దని చెప్పు.

కంప్యూటర్ ప్రోగ్రాం కొనేసి ఇంట్లోనే ఆడిస్తే సరిపోదా అన్నావు. సరిపోదురా. 2008లో అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 221 మందిని పెట్టి 12 వారాలు చూశారు. క్లినిక్‌లో దగ్గరుండి చేయించి, ఇంట్లో కూడా చేయిస్తే 73 శాతం మందికి తగ్గడమో, మెరుగుపడడమో జరిగింది. ఇంట్లోనే కంప్యూటర్ ఆటా, పెన్సిల్ మొనని ముక్కు దగ్గరికి తెస్తూ చూసే కసరత్తూ చేసినవాళ్ళలో 33 శాతం. ఉత్తుత్తి వ్యాయామం చేసినవాళ్ళలోనే 35! అందుకే వారానికోసారి కళ్ళ కసరత్తు చేయించే ఆప్టోమెట్రిస్ట్ దగ్గరికి, వారంలో అయిదు రోజులు పావుగంట చొప్పున ఇంట్లో ల్యాప్‌టాప్ ముందుకి.

ఆ పావుగంటలోనే ఉంది తిరకాసంతా. ఒక పక్క ఎర్ర, ఇంకోపక్క నీలం అద్దమున్న కళ్ళద్దాలు పెట్టుకుంటే, తెరమీద ఎర్ర బొమ్మ ఒక కంటికి, నీలం బొమ్మ రెండో కంటికి. రెండూ కలిస్తే చుక్కల మధ్యనించి ఓ చదరం పైకి తేలుతుంది. అది పైనుందా, కిందా, కుడా, ఎడమా అన్నది బాణం మీట నొక్కి చెప్పాలి. సరిగ్గా చెబితే బొమ్మలు ఇంకాస్త ఎడం జరుగుతాయి. వాడు ఊరికే నొక్కుకుపోయినా నాలుగింట ఒకటి తగులుతుంది, జాగ్రత్త.

ఆ కళ్ళద్దాల్లో ఎర్రది ఏ కంటికో ప్రోగ్రాంలో చూసుకో. తిరగేసి పెడితే కళ్ళు దగ్గరికి రావడం పోయి ఎడంగా పోయే కసరత్తు అయిపోతుంది. వాడికి పవరు అద్దాలుంటే వాటి మీదే పెట్టాలి. రాత్రిపూట తెర పసుప్పచ్చగా మారే నైట్ లైట్ ఆపెయ్, నీలం పాడైపోతుంది. నల్ల తెరమీద నీలం గీత పెట్టి ఎర్ర అద్దంలోంచి చూడు, గీత మాయమవ్వాలి. మాయమవ్వకపోతే ఆ అద్దాలు పారెయ్. అరుగు మీద కూర్చోబెట్టకు, కాలవ గట్టు వెలుగంతా తెరమీదే పడుతుంది.

కంటికీ తెరకీ మధ్య దూరం మాత్రం టేపుతో కొలువు. బొమ్మల మధ్య 7.5 సెంటీమీటర్లుంటే, 50 సెంటీమీటర్ల దూరంలో అది 15 ప్రిజం (కళ్ళు ఎంత తిరగాలో చెప్పే కొలత). వాడు ముందుకు వంగి 25కి వచ్చాడంటే అదే 30 అయిపోతుంది, తలనొప్పని గోల పెడతాడు. కుర్చీ వెనక్కి లాగి 75కి పోతే 10కి దిగిపోతుంది, స్కోరు చూసి నువ్వు సంబరపడతావు. నేలమీద సుద్దముక్కతో కుర్చీ కాళ్ళ చోటు గీసెయ్.

మధ్యమధ్యలో అడుగు: "బొమ్మ చిన్నదై దగ్గరికొచ్చిందా?" అవునంటే రెండు కళ్ళూ పనిచేస్తున్నట్టే. ఇంకో తేలిక పరీక్ష. మొన్న తీర్థంలో కొన్న పూసల దండ తెంపి, మూడు పూసలు తెల్లదారానికి ఎక్కించి, ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండోది వాడి ముక్కుకి ఆనించు. మధ్య పూసని చూస్తే ఆ పూస దగ్గర రెండు దారాలు ఒకదాన్నొకటి దాటుతున్నట్టు కనబడాలి. దారం ఒక్కటే కనబడిందంటే ఒక కన్ను పడుకుందన్నమాట, ఆట ఆపి క్లినిక్‌కి చెప్పు.

మార్కుల మాటకొస్తే, 2019లో 311 మంది పిల్లల మీద చూస్తే, ఈ చికిత్స చేసినవాళ్ళకి చదివింది అర్థం చేసుకోవడంలో ఉత్తుత్తిది చేసినవాళ్ళకంటే ఎక్కువ లాభమేమీ రాలేదు. ట్యూషన్ మాష్టార్ని మానిపించకు.

ఉన్నట్టుండి రోజంతా రెండుగా కనబడినా, రెప్ప వాలినా, తలనొప్పితో వాంతులైనా ఇవన్నీ పక్కనపెట్టి ఆరోజే డాక్టర్ దగ్గరికి పో.

ఆదివారం ఆదివారం పెన్సిల్ మొనని ముక్కు దాకా తెచ్చి, ఎన్ని సెంటీమీటర్ల దగ్గర రెండవుతోందో మూడుసార్లు కొలిచి గోడ క్యాలెండర్ మీద రాయి. 6 లోపలికి రావాలి. నాలుగు వారాల అంకెలు నాకు పంపు.

నీ
బాబ్జీ