నాణేల మీద ప్రచార స్టిక్కర్లు: నష్టపోయేది చివరికి పుచ్చుకున్నవారే

సంపాదకులకు నమస్కారం.

చలామణిలో ఉన్న రూపాయి, ఐదు, పది రూపాయల బిళ్లల మీద స్టిక్కర్లు అంటించి, లేదా రంగు బొమ్మలు వేయించి, చిల్లరతో పాటు జనంలోకి వదలడం చవకైన ప్రచారంగా కనిపిస్తుంది. కరపత్రమైతే చదవకుండానే పారేస్తారు, డబ్బును ఎవరూ పారేయరు కదా అన్నది ఇందులోని లెక్క. కానీ ఇందులో ఇంకో ఖర్చు ఉంది. అది ప్రకటన ఇచ్చినవారి మీద పడదు. ఆ బిళ్ల ఎవరి దగ్గర చెల్లకుండా ఆగిపోతుందో వారి మీద పడుతుంది.

2011 నాణేల చట్టం ఆరో సెక్షన్ ప్రకారం రూపాయి, అంతకు మించిన విలువ గల నాణేలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల వరకు చట్టబద్ధంగా చెల్లుతాయి. దానికి షరతు ఉంది: నాణెం రూపు చెడగొట్టినది కాకూడదు, నిర్ణీత బరువు కంటే తగ్గకూడదు. రూపు చెడగొట్టడం అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది. కత్తిరించడం, ఆకురాయితో రాయడం, ముద్ర కొట్టడం, మామూలు అరుగుదల కాదని చూడగానే తెలిసేలా ఉపరితలాన్నో ఆకారాన్నో మార్చడం. లేజరుతో లోగో చెక్కితే అది నేరుగా ఈ నిర్వచనంలోకే వస్తుంది. ఊడదీస్తే పోయే స్టిక్కర్ సంగతి మీద వాదించవచ్చు. ఆ వాదన వినే ఓపిక బస్సు కండక్టరుకు, కిరాణా కొట్టువాడికి ఎక్కడిది?

పది రూపాయల బిళ్లకైతే ఇది మరీ చేటు. అప్పటిదాకా వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించింది. అయినా రూపాయి గుర్తు లేదనీ, బిళ్ల మీది గీతలు పది కాక పదిహేను ఉన్నాయనీ తిప్పికొట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ గుర్తు నాణేల మీదకు వచ్చిందే 2011లో, అంతకు ముందటి బిళ్లల మీద అది ఎలా ఉంటుంది? ఇలాంటి అనుమానం తీరాలంటే చూడాల్సినవి విలువ అంకె, సంవత్సరం, దాని కింద ఉండే టంకశాల గుర్తు (హైదరాబాద్‌ది నక్షత్రం, ముంబయిది వజ్రాకారం, నోయిడాది చుక్క, కోల్‌కతాకు గుర్తు ఉండదు). స్టిక్కర్ సరిగ్గా వాటినే కప్పేస్తుంది. చూపు లేనివారు బిళ్లను చేత్తో తడిమి, అంచును బట్టి, బరువును బట్టి గుర్తుపడతారు. ఇరవై రూపాయల బిళ్లకు పన్నెండు భుజాలున్నది చేతికి తెలియడానికి కూడా. దాని మీద ఉబ్బెత్తు స్టిక్కర్ అంటిస్తే వారికి ఆ ఆధారమూ పోతుంది.

ఇక యంత్రాల సంగతి. లెక్కింపు యంత్రంలో తిరిగే పళ్లెం బిళ్లలను అంచుకు విసురుతుంది. అక్కడ రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి దూరకుండా, ఒక్క బిళ్ల మందానికి సరిపడా సందు మాత్రమే పెడతారు. ఉబ్బెత్తు స్టిక్కర్ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటే రూపాయి బిళ్ల మందం దాదాపు రెట్టింపై అక్కడే ఇరుక్కుంటుంది. పలచటి వినైల్ (ప్లాస్టిక్) స్టిక్కర్, అంటే 0.1 మిల్లీమీటరుది, సందులోంచి దూరిపోతుంది గానీ అసలు ఇబ్బంది దానితోనే. వేడికి జిగురు అంచుల నుంచి బయటికి పాకుతుంది, దుమ్ము పడుతుంది, బెల్టుకు అంటుకుంటుంది. తర్వాత వచ్చే బిళ్లలు జారి లెక్క తప్పుతుంది. సంచిలో రెండు బిళ్లలు ముఖాముఖి అతుక్కుపోతే యంత్రం వాటిని పక్కన పడేస్తుంది, లేదా ఒకటిగా లెక్కిస్తుంది.

తూకంలోనూ తేడా వస్తుంది. రూపాయి, రెండు రూపాయల బిళ్లలను బ్యాంకులు తూకం వేసి తీసుకోవచ్చు, వందేసి ప్యాకెట్లుగానూ తీసుకోవచ్చు. 2011 నుంచి వచ్చిన రూపాయి బిళ్ల 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. దాని మీద 18 మిల్లీమీటర్ల వినైల్ స్టిక్కర్ బరువు గ్రాములో ముప్పయ్యో వంతుకు అటూఇటూ. వంద బిళ్లలకు మూడున్నర గ్రాములు, అంటే దాదాపు ఒక బిళ్ల ఎక్కువ తూగుతుంది. ఉబ్బెత్తు రకమైతే వందకు నలభై గ్రాములు దాటుతుంది, పది బిళ్లల పైమాటే.

చేతికొచ్చిన స్టిక్కర్ బిళ్లను చాకుతోనో ఇసుక కాగితంతోనో గీకవద్దు. గీతలు పడితే అదే రూపు చెడగొట్టినట్టవుతుంది. వినైల్‌లోంచి నీరు దిగదు కాబట్టి ముందు ఒక అంచును గోటితో లేపి, గోరువెచ్చని సబ్బునీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి లాగాలి. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. ఆమ్లం వాడకూడదు, రెండు లోహాల బిళ్లలో అది నడిమి అతుకులోకి దిగుతుంది. చదివింపుల కవర్ల మీద అంటించే రూపాయి బిళ్లలకూ ఇదే పద్ధతి.

మిగతా దేశాలు ఈ అనుభవం ముందే చూశాయి. బ్రిటన్‌లో ఒక వారపత్రిక పెన్నీల మీద తన ప్రకటన ముద్ర కొట్టించి వదిలాక, 1853లో నాణేల రూపు చెడగొట్టడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2007లో అమెరికాలో ఒక సినిమా ప్రచారానికి పాతిక సెంట్ల నాణేలకు రంగు బొమ్మ వేసి వదిలితే, అది చట్టవిరుద్ధమని అక్కడి టంకశాల ప్రకటించింది. నాణేనికి ప్రకటన అంటించడమే నేరమని వారి చట్టం 18వ భాగం 475వ సెక్షన్‌లో సూటిగా ఉంది. మన చట్టంలోనూ 'అంటించడం' అన్న మాటను నిర్వచనంలో చేర్చాలి. ఈలోగా రిజర్వు బ్యాంకు ప్రకటన ఇవ్వాలి: స్టిక్కర్ బిళ్లను బ్యాంకులు తిప్పి పంపకుండా తీసుకోవాలని, అంటించినవారి దగ్గరే శుభ్రం చేసే ఖర్చు వసూలు చేయాలని.

ప్రచారమే కావాలంటే దారులున్నాయి. అట్టకు గుండ్రని కన్నం కోసి బిళ్లను అందులో బిగించి, ప్రకటనను అట్ట మీద ముద్రించవచ్చు. సొంతంగా టోకెన్ చేయించుకుంటే పది, ఇరవై రూపాయల బిళ్లల వ్యాసమైన 27 మిల్లీమీటర్లకు బాగా మించిన సైజు, నడుమ రంధ్రం ఉండాలి. దాని మీద నాలుగు సింహాల చిహ్నం, రూపాయి గుర్తు, విలువ అంకె ఉండకూడదు, దాన్ని డబ్బుగా మార్చుకోనివ్వకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు