మా అమ్మగారి వికారానికి కారణం కనిపెట్టిన ఆరోగ్య కేంద్రం వారికి కృతజ్ఞతలు

గత వేసవి నుంచి మా అమ్మగారిని వేధించిన ఉదయపు వికారానికీ కడుపు ఉబ్బరానికీ అసలు కారణమేమిటో తేల్చి, ఆమె మళ్లీ కడుపునిండా భోజనం చేసేలా చూసిన మా మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారికి, అక్కడి ఫార్మసిస్టు గారికి, మా వీధి ఆశా కార్యకర్తకు మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు తెలియజేసుకుంటున్నాను.

అమ్మకు 67 ఏళ్లు, చాలా కాలంగా షుగర్ ఉంది. తెల్లవారి లేచిన కాసేపటికే నోట్లో నీళ్లూరి, కడుపులో తిప్పి, వాంతి వచ్చినట్టే ఉండి రాకుండా ఆగిపోయేది. ఒక్క ఇడ్లీ తినేసరికి పొట్ట బిగుసుకుపోయి మధ్యాహ్నం దాకా తేన్పులతోనే గడిచేది. గ్యాస్ అన్నారు కొందరు, పైత్యం అన్నారు కొందరు. వాము నీళ్లూ జీలకర్ర కషాయమూ పూటకు మించి ఉపశమనం ఇవ్వలేదు. పట్నంలో చేయించిన స్కానింగులోనూ ఎండోస్కోపీలోనూ ఏ దోషమూ కనబడలేదు. రిపోర్టులన్నీ బాగుండి మనిషి మాత్రం రోజురోజుకూ నీరసిస్తుంటే ఇంటిల్లిపాదికీ దిగులు పట్టుకుంది.

"పెద్దమ్మా, మా డాక్టరమ్మ గారికి ఒకసారి చూపించుకోండి, మీరు వేసుకునే మందులన్నీ కవరుతో సహా తెచ్చుకోండి" అని పట్టుబట్టింది ఆశా కార్యకర్తే. డాక్టరు గారు బరువు తగ్గారా, మలం నల్లగా వస్తోందా, మింగేటప్పుడు అడ్డుపడుతోందా అని ఒక్కొక్కటీ ఓపికగా అడిగారు. షుగర్ ఉన్నవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, గుండె జబ్బు ఒక్కోసారి ఛాతీ నొప్పి లేకుండా వికారంగానే బయటపడుతుందని చెప్పి ఈసీజీ కూడా తీయించారు. అది బాగానే ఉంది.

ఆ తరువాత ఫార్మసిస్టు గారు కవరులోని మందులన్నీ బల్ల మీద పరిచి, ప్రతి స్ట్రిప్పు వెనకా ఉన్న చిన్న అక్షరాలను చదవసాగారు. ఆరోగ్య కేంద్రంలో నెలనెలా ఉచితంగా ఇచ్చేది మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు 500 మిల్లీగ్రాముల మాత్ర. పట్నంలో రాసిన మాత్ర పేరూ రంగూ వేరు, కానీ దానిలో గ్లిమిపిరైడ్ అనే మరో షుగర్ మందుతో పాటు మెట్‌ఫార్మిన్ 1000 మిల్లీగ్రాములు కలిసి ఉంది. రెండూ రెండు పూటలా వేసుకోవడం వల్ల రోజుకు 3000 మిల్లీగ్రాములు లోపలికి పోతోంది. పెద్దవారికి సాధారణంగా 2000, మహా అయితే 2550 దాటకూడదట. పైగా ఉదయం మాత్రలు పరగడుపునే పడుతున్నాయి. పట్నంలో రాసినవారికి ఇక్కడ ఇచ్చే మందు సంగతి తెలియదు గనుక ఇందులో ఎవరినీ నిందించలేను. అందుకే అన్ని చోట్ల మందులనూ ఒకే చోట పెట్టి చూసిన ఆ శ్రద్ధ మాకు అంత అమూల్యంగా అనిపించింది.

మెట్‌ఫార్మిన్ మంచి మందేననీ, సొంతంగా మానేస్తే షుగర్ పెరుగుతుందనీ, అయితే మోతాదు పెరిగినప్పుడు, ఖాళీ కడుపుతో వేసుకున్నప్పుడు వికారం, ఉబ్బరం, విరేచనాలు రావడం మామూలేననీ డాక్టరు గారు అమ్మకు అర్థమయ్యేలా వివరించారు. క్రియాటినిన్ పరీక్ష చేయించి మూత్రపిండాలు బాగున్నాయని నిర్ధారించుకున్నాక, రెండుసార్లు పడుతున్న మందును తీసేసి, మెట్‌ఫార్మిన్‌లోనే మెల్లగా కరిగే రకం మాత్రను రాత్రి భోజనం తరువాత వేసుకోమన్నారు. ఈ మందు ఏళ్ల తరబడి వాడినవారిలో విటమిన్ బి12 తగ్గవచ్చని ఆ పరీక్ష కూడా రాశారు. అమ్మకు నిజంగానే తక్కువగా ఉంది, దానికీ మందు మొదలైంది. అప్పటికీ వికారం తగ్గకపోతే, దీర్ఘకాలపు షుగర్ వల్ల జీర్ణాశయం నరాలు మందగించాయేమో పెద్దాసుపత్రిలో చూపిద్దామన్నారు. ఆ అవసరం రాలేదు. కొద్ది రోజులకే అమ్మ పొద్దున్నే టిఫిను అడిగి పెట్టించుకోవడం మొదలుపెట్టారు.

చదువు రాని మా అమ్మగారి కోసం ఫార్మసిస్టు గారు రాత్రి మాత్ర స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో చంద్రుడినీ అన్నం పళ్లేన్నీ గీసి ఇచ్చారు. ఆ ఆదరణను మా కుటుంబం మరచిపోదు. ఈ ముగ్గురి సేవలను జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారులు గుర్తించి తగిన రీతిలో సత్కరించాలని సవినయంగా కోరుతున్నాను.